డాప్లర్ రాశారని తెలిశాక వచ్చే సలహాలు, వాటిని ఎందుకు వినకూడదు

డాక్టరమ్మ డాప్లర్ స్కాన్ రాశారని ఇంట్లో చెప్పగానే ఫోన్లు మొదలవుతాయి. పెద్దమ్మ ఒకటి చెబుతుంది, మేనత్త ఇంకొకటి చెబుతుంది, రెండు కాన్పులైన పక్కింటి అక్క తన పాత ఫైలు తెచ్చి మరీ చూపిస్తుంది. అందరూ మంచి కోరే చెబుతారు. అయినా ఆ సలహాల్లో చాలావాటిని పాటిస్తే బిడ్డకు హాని జరగవచ్చు. అందుకే ఎక్కువగా వినిపించేవాటిని ఇక్కడ ఒకచోట చేర్చి, ఏది ఎందుకు తప్పో రాస్తున్నాను.

ముందు ఈ పరీక్ష దేన్ని కొలుస్తుందో తెలియాలి. మనవైపు వచ్చే రైలు కూత హెచ్చుగా, మనల్ని దాటిపోయే రైలు కూత తగ్గుగా వినిపించడం అందరికీ అనుభవమే. దాని వెనకున్న సూత్రాన్ని 1842లో ప్రాగ్ నగరంలో క్రిస్టియన్ డాప్లర్ జంట నక్షత్రాల రంగుల గురించి ఆలోచిస్తూ చెప్పాడు. మూడేళ్ల తర్వాత డచ్ శాస్త్రవేత్త బైస్ బాలోట్ రైలు మీద బాకాలు ఊదేవాళ్లను ఎక్కించి, అది శబ్దానికీ వర్తిస్తుందని రుజువు చేశాడు. అదే సూత్రంతో 1977లో డబ్లిన్‌లో ఫిట్జ్‌గెరాల్డ్, డ్రమ్ అనే ఇద్దరు వైద్యులు తల్లి పొట్ట మీది నుంచే బొడ్డుతాడులోని రక్తప్రవాహాన్ని పట్టుకున్నారు.

బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడల్లా బొడ్డుతాడులోని రెండు ధమనుల గుండా రక్తం మాయకు వెళుతుంది. మాయ ఆరోగ్యంగా ఉంటే గుండె రెండు దెబ్బల మధ్య విరామంలో కూడా రక్తం ముందుకే సాగుతుంది. మాయలోని సన్నని నాళాలు పూడుకుపోతూ ఉంటే, తూములు మూసేసిన పంటకాలువలో నీళ్లు నెమ్మదించినట్టు, ఆ విరామంలో ప్రవాహం తగ్గుతుంది. ముదిరితే పూర్తిగా ఆగుతుంది. మరీ ముదిరితే వెనక్కి తిరుగుతుంది. డాప్లర్ చూపించేది ఈ అడ్డంకినే. దాన్ని తొలగించే శక్తి ఆ పరీక్షకు లేదు. బిడ్డను ఇంకెన్నాళ్లు లోపల ఉంచవచ్చు, ఎప్పుడు బయటికి తీయాలి అన్న నిర్ణయానికి అది ఆధారం అవుతుంది, అంతే. కాబట్టి ఏ సలహా విన్నా నేను అడిగేది ఒకటే: ఇది ఆ నిర్ణయానికి సాయపడుతుందా, అడ్డుపడుతుందా?

"ఎందుకైనా మంచిది, నెలనెలా తీయించు"

ఇది డబ్బున్న ఇళ్లలో ఎక్కువగా వినిపించే సలహా. బీపీ లేదు, షుగర్ లేదు, బిడ్డ వారాలకు తగ్గట్టు పెరుగుతోంది, కదలికలు బాగున్నాయి. అలాంటి తల్లికి పదేపదే డాప్లర్ తీయడం వల్ల ఒరిగేదేమిటో పరిశోధకులు వెతికారు. 14 వేలకు పైగా మామూలు గర్భిణుల మీద జరిగిన పరీక్షలను వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2015లో కలిపి చూస్తే తల్లికి గానీ బిడ్డకు గానీ స్పష్టమైన లాభం కనిపించలేదు.

ప్రమాదం ఉన్న గర్భాల్లో మాత్రం కథ వేరు. బీపీ ఉన్నవాళ్లు, కడుపులో బిడ్డ ఎదుగుదల తగ్గినవాళ్లు, ఇదివరకు బిడ్డను కడుపులోనే పోగొట్టుకున్నవాళ్లు. ఇలాంటి పది వేలకు పైగా తల్లుల మీద జరిగిన పరీక్షలను 2017లో కలిపి చూస్తే, బొడ్డుతాడు డాప్లర్ వాడినచోట పుట్టుకకు ముందూ వెనకా జరిగే శిశుమరణాలు 1.7 శాతం నుంచి 1.2 శాతానికి తగ్గాయి. అంటే సుమారు రెండు వందల మందికి పరీక్ష చేస్తే ఒక బిడ్డ ప్రాణం దక్కుతుంది. అదే సమయంలో సిజేరియన్లు కూడా కొంత తగ్గాయి. అంతా బాగున్న తల్లికి ఊరికే తీసిన డాప్లర్‌లో ఒక అంకె కాస్త అటూఇటూ అయితే, ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. అవసరం లేని నొప్పుల ఇంజెక్షన్లు, అవసరం లేని కోతలు అక్కడి నుంచే మొదలవుతాయి.

ఇంకో సంగతి. డాప్లర్ కిరణం మామూలు స్కాన్ కంటే ఎక్కువ శక్తిని ఒకేచోట కేంద్రీకరిస్తుంది, కొద్దిగా వేడి పుట్టిస్తుంది. తొలి నెలల్లో బిడ్డ మీద దాన్ని అవసరానికే, తక్కువ సేపే వాడాలని నిపుణుల సంఘాల నియమం. "గుండె చప్పుడు ఇంకాసేపు వినిపించండి, వీడియో తీసుకుంటాం" అని స్కాన్ గదిలో అడగకండి.

"మూడో నెలలో డాప్లరా? బిడ్డే సరిగా లేదు, రక్తం కొలిచేదేముంది"

ఇది పైదానికి పూర్తిగా తలకిందుల సలహా. 11 నుంచి 14 వారాల మధ్య, ఎన్‌టీ స్కాన్ సమయంలో కొలిచేది బిడ్డ రక్తనాళాన్ని కాదు. తల్లి గర్భసంచికి రక్తం తెచ్చే ధమనులను. అక్కడ అడ్డంకి ఎక్కువగా ఉండి, తల్లి బీపీ, రక్తపరీక్ష, పాత కాన్పుల చరిత్ర కూడా అటే మొగ్గితే, ముందుముందు బీపీ ముదిరి గుర్రపువాతం దాకా వెళ్లే అవకాశాన్ని అప్పుడే పసిగట్టవచ్చు. అలా గుర్తించిన తల్లులకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చి చూసిన ఆస్ప్రీ అధ్యయనం 2017లో వెలువడింది. నెలలు నిండకముందే వచ్చే బీపీ జబ్బు 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. డాక్టరు ఆ మాత్ర రాస్తే "కడుపుతో ఉండి రక్తం పలచబడే మందు ఏమిటి" అని పక్కన పడేయించే పెద్దలు చాలామంది ఉన్నారు. ఆ మాత్ర పని చేసేది మాయ ఇంకా నాటుకుంటున్న ఆ కొద్ది వారాల్లో మొదలుపెడితేనే. ఆరో నెలలో కాళ్లు వాచాక పశ్చాత్తాపపడినా ఆ అవకాశం తిరిగి రాదు.

"ఎరుపు మంచి రక్తం, నీలం చెడు రక్తం"

కలర్ డాప్లర్ బొమ్మను వాట్సాప్‌లో పంపుకుని నీలం ఎక్కువుందని ఏడ్చినవాళ్లను చూశాను. ఆ రంగులు దిక్కును మాత్రమే చెబుతాయి. యంత్రం వైపు వచ్చే రక్తం ఎరుపుగా, దూరంగా పోయేది నీలంగా కనిపిస్తుంది. ఒక బటన్ నొక్కితే రెండూ తారుమారవుతాయి. పైగా కడుపులో బిడ్డకు మన స్కూలు పాఠం వర్తించదు. బొడ్డుతాడులో ప్రాణవాయువు నిండిన రక్తం బిడ్డకు వచ్చేది సిర గుండానే.

ఆ రంగుల్లోనే కనిపించే మరో భయం మెడ చుట్టూ బొడ్డుపేగు. రిపోర్టులో ఆ వాక్యం చూడగానే ఇంట్లో మేనమామ గండం మాట లేస్తుంది, కాన్పయ్యాక నూనెలో బిడ్డ ముఖం చూడాలంటారు. ఆ తంతు వల్ల ఎవరికీ నష్టం లేదు, చేసుకోండి. నష్టం "మెడ బిగుసుకుంటుంది, వెంటనే ఆపరేషన్ చేయించండి" అనే సలహాతో వస్తుంది. ప్రతి నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరు మెడ చుట్టూ పేగుతోనే పుడతారు, ఎక్కువమంది సుఖంగానే పుడతారు. బిడ్డ లోపల గొంతుతో గాలి పీల్చదు. పేగులోని నాళాల చుట్టూ జిగురులాంటి మెత్తని పదార్థం వాటిని నలగకుండా కాస్తుంది. ఈ వారం కనిపించిన చుట్టు వచ్చే వారానికి వీడిపోవచ్చు. ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి కోతకు తొందరపెట్టకండి.

గుండె వేగం 140 దాటితే ఆడపిల్ల అనే మాట కూడా స్కాన్ గది బయట వినిపిస్తూనే ఉంటుంది. అది అబద్ధం. ఆడో మగో అడగడమే మన దేశంలో 1994 చట్టం ప్రకారం నేరం. ఆడపిల్లలు పుట్టకముందే పోయిన దేశంలో ఆ చట్టం అవసరమై వచ్చింది. ఆ ప్రశ్నను నవ్వుతూ కూడా అడగవద్దు.

"ఇంకో సెంటర్‌లో తీయించు, రెండు అంకెలు కలిస్తేనే నమ్ము"

రెండో అభిప్రాయం తీసుకోవడం తప్పని నేను అనను. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి అంకెలు సరిచూడటం మాత్రం మోసపుచ్చుతుంది. బొడ్డుతాడులో బిడ్డ పొట్ట దగ్గర కొలిస్తే అడ్డంకి ఎక్కువగా, మాయ దగ్గర కొలిస్తే తక్కువగా చూపిస్తుంది. బిడ్డ కదులుతున్నప్పుడో, ఊపిరి కదలికలు చేస్తున్నప్పుడో కొలిస్తే అంకె మారిపోతుంది. వారాలు పెరిగేకొద్దీ మాయలో నాళాలు విస్తరించి అడ్డంకి సహజంగానే తగ్గుతుంది కాబట్టి, ఆరో నెలలో మామూలైన అంకె తొమ్మిదో నెలలో అనుమానం కలిగిస్తుంది. 30 వారాలు దాటాక ఎస్/డి నిష్పత్తి (గుండె దెబ్బ వేళ వేగాన్ని విరామం వేళ వేగంతో భాగిస్తే వచ్చే అంకె) 3 కంటే ఎక్కువుంటే డాక్టరు కళ్లు చిట్లించి చూసేది అందుకే. డాక్టరును అడగాల్సిన ప్రశ్న ఇది: "ఈ వారాలకు ఈ అంకె ఎక్కడ ఉంది, పోయినసారి కంటే ఎటు జరిగింది?"

"తలకు రక్తం ఎక్కువ పోతోందట, మంచిదేగా"

బిడ్డ మెదడులోని మధ్య మస్తిష్క ధమనిని ఎంసీఏ అంటారు. ఇక్కడ అడ్డంకి తగ్గితే మెదడుకు రక్తం ఎక్కువ చేరుతోందని అర్థం. వినడానికి శుభవార్తలాగే ఉంటుంది. అసలు జరుగుతున్నది ఏమిటంటే, ప్రాణవాయువు చాలక బిడ్డ శరీరం ఉన్న కొద్ది రక్తాన్నీ మెదడుకూ గుండెకూ మళ్లించి, మూత్రపిండాలకూ పేగులకూ కోత పెడుతోంది. మూత్రం తగ్గుతుంది కాబట్టి ఉమ్మనీరు తగ్గుతుంది. బిడ్డ తనను తాను కాపాడుకోవడానికి చేస్తున్న పోరాటం అది. ఆ మాట వినగానే తర్వాతి స్కాన్ ఎప్పుడో అడిగి తెలుసుకోవాలి.

అదే ధమనిలో రక్తం మరీ వేగంగా పరుగెడుతుంటే అది ఇంకో జబ్బుకు గుర్తు. తల్లిది నెగటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ గ్రూపు అయినప్పుడు, తల్లి శరీరంలో తయారైన ప్రతిరక్షకాలు బిడ్డ ఎర్రకణాలను విరగ్గొట్టవచ్చు. రక్తం పలచబడ్డ బిడ్డలో ప్రవాహం వేగం పెరుగుతుంది. ఒకప్పుడు ఇది తెలుసుకోవడానికి పదేపదే పొట్టలోకి సూది గుచ్చి ఉమ్మనీరు తీసేవారు. వేగం ఆ వారాలకు ఉండాల్సిన మధ్య విలువకు ఒకటిన్నర రెట్లు దాటితే బిడ్డలో రక్తహీనత ఉండవచ్చని 2000లో జాన్‌కార్లో మారీ బృందం చూపించాక ఆ సూదులు చాలావరకు తప్పాయి. అవసరమైతే బొడ్డుతాడు ద్వారానే బిడ్డకు రక్తం ఎక్కిస్తారు. "మొదటి కాన్పు బాగానే అయిందిగా, గ్రూపు గొడవ ఇప్పుడెందుకు" అనే సలహా ఇక్కడ చాలా ప్రమాదకరం, ఎందుకంటే ఈ జబ్బు మొదటి బిడ్డను వదిలి రెండో బిడ్డను పట్టుకునే రకం.

"నార్మల్ వచ్చిందిగా, ఇక నెల దాకా దిగుల్లేదు"

డాప్లర్ ఆ రోజు, ఆ గంట పరిస్థితిని చెబుతుంది. 32 వారాలు దాటాక ఎదుగుదల తగ్గే బిడ్డల్లో బొడ్డుతాడు ప్రవాహం చివరిదాకా మామూలుగానే కనిపించవచ్చు. మాయ హఠాత్తుగా ఊడిపోవడాన్ని ఏ డాప్లరూ ముందుగా చెప్పలేదు. కదలికలు తగ్గాయని తల్లికి అనిపిస్తే, నిన్ననే తీసిన రిపోర్టు చేతిలో ఉన్నా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. "తొమ్మిదో నెలలో చోటు చాలక కదలికలు తగ్గుతాయి" అనే మాట నమ్మి రాత్రంతా ఆగినవాళ్లు ఎందరో. కదలిక తీరు మారవచ్చు గానీ కదలికలు తగ్గిపోకూడదు.

ఇంట్లో గుండె చప్పుడు వినే చిన్న యంత్రాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కొనవద్దు. తల్లి నాడినే బిడ్డ గుండె అనుకుని ఊరట చెందవచ్చు. బిడ్డ తీవ్రమైన ఇబ్బందిలో ఉన్నా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లోనే వీటిని ఇంట్లో వాడవద్దని హెచ్చరించింది. ఇలాంటి యంత్రం ఇచ్చే ధైర్యంతో ఒక పూట ఆగడం ప్రాణాంతకం కావచ్చు.

"రక్తం పెరిగే పొడి తాగు, మంచం దిగకు"

ఎదుగుదల తగ్గిన బిడ్డకు ప్రోటీన్ పొడి, ఆర్జినిన్ సాచెట్లు, కొన్నిచోట్ల సిల్డెనఫిల్ మాత్రలు కూడా సలహాగా వస్తుంటాయి. వయాగ్రా పేరుతో లోకానికి తెలిసిన మందే ఈ సిల్డెనఫిల్. అది నాళాలను విప్పుతుంది కాబట్టి మాయకు రక్తం పెరుగుతుందని ఆశపడి స్ట్రైడర్ పేరుతో అనేక దేశాల్లో పరీక్షించారు. గర్భకాలం పెరగలేదు. నెదర్లాండ్స్‌లో మందు తీసుకున్న తల్లుల బిడ్డల్లో ఊపిరితిత్తుల రక్తనాళాల సమస్యలు ఎక్కువగా కనిపించి, శిశువులు చనిపోవడంతో 2018 జులైలో అక్కడ పరీక్షను ఆపేశారు. ఇంత జరిగాక కూడా ఆ మాత్రను ఎవరో వాడారని విని మీరూ వేసుకోవద్దు. ఇప్పటికే ఎవరైనా రాసి ఉంటే, ఎందుకు రాశారో అడగడానికి మొహమాటపడవద్దు.

దెబ్బతిన్న మాయను తిరిగి కొత్తగా చేసే పొడి ఏదీ లేదు. పోషకాహారం తల్లికి అవసరం, తినాలి. నెలల తరబడి మంచం మీదే పడుకోవడం వల్ల ప్రవాహం మెరుగైన దాఖలా లేదు. పైగా కాళ్ల నాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. 28 వారాల తర్వాత వెల్లకిలా కాక పక్కకు తిరిగి పడుకోవడం మంచిదే, అదీ రాత్రి నిద్రకు. బీపీ మాత్ర తప్పకుండా వేసుకోవడం, ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ లేకుండా చూడటం, చెప్పిన తేదీకి స్కాన్‌కు వెళ్లడం, ఇవే అసలు సాయం.

"ఎనిమిదో నెలలో పుడితే బతకదు, తొమ్మిది రానివ్వండి"

అన్నిటికంటే నన్ను కలవరపెట్టే సలహా ఇదే. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే నమ్మకం మన ఊళ్లలోనే కాదు, హిప్పోక్రటీస్ పేరున ఉన్న ప్రాచీన గ్రీకు వైద్య గ్రంథాల్లోనూ ఉంది. రెండు వేల ఏళ్లకు పైగా నిలిచినా అది తప్పే. లోపల ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు గడిచే ప్రతి వారమూ బలమే. ఏడుకు ఎనిమిది మేలు, ఎనిమిదికి తొమ్మిది మేలు. చిక్కంతా మాయ విఫలమైన బిడ్డతోనే. ఆ బిడ్డకు లోపల గడిచే ప్రతి రోజూ ఆకలి, ఊపిరాడనితనం.

విరామంలో ప్రవాహం ఆగిపోతే సాధారణంగా 34 వారాల లోపే కాన్పు చేస్తారు. వెనక్కి తిరిగితే ఇంకా ముందే, 30 నుంచి 32 వారాల ప్రాంతంలో. అంతకంటే ముందు దశలో ఉంటే, బిడ్డ కాలేయం దగ్గర డక్టస్ వీనోసస్ అనే చిన్న సిరను కూడా చూస్తూ, గుండె రికార్డింగు చేస్తూ, రోజుల లెక్కన ఆపుతారు. యూరప్‌లోని 20 ఆసుపత్రుల్లో 26 నుంచి 32 వారాల మధ్య ఇలాంటి స్థితిలో ఉన్న 503 మంది తల్లులను ట్రఫుల్ అధ్యయనం గమనించింది. పుట్టిన బిడ్డల సగటు బరువు కిలో దగ్గర. అయినా పది మందిలో తొమ్మిది మందికి పైగా బతికారు. అక్కడి నవజాత శిశు విభాగాల సౌకర్యం అలాంటిది. కాబట్టి ఇంట్లో జరగాల్సిన చర్చ "ఎనిమిదో నెలా, తొమ్మిదో నెలా" అని కాదు. కిలో, కిలోన్నర బిడ్డను చూసుకోగల ఎన్‌ఐసీయూ ఉన్నచోటే కాన్పు జరుగుతుందా, లేకపోతే బిడ్డ కడుపులో ఉండగానే అక్కడికి ఎలా చేరాలి అన్నదే అసలు చర్చ. పుట్టాక అంబులెన్సులో తరలించడం కంటే తల్లి కడుపులో తరలించడమే బిడ్డకు క్షేమం.

కాన్పుకు ముందు తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు బిడ్డ ఊపిరితిత్తులను సిద్ధం చేస్తాయి. మన దేశంలో ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకోసారి నాలుగు డోసులు. ఇవి వేశాక ఒకటి రెండు రోజులు బొడ్డుతాడు ప్రవాహం మెరుగైనట్టు కనిపించవచ్చు. "చూశారా, బాగైపోయింది, ఇంటికి తీసుకెళ్దాం" అని ఎవరో ఒకరు తప్పక అంటారు. అది తాత్కాలికం. ఆసుపత్రి వాళ్లు వద్దన్నప్పుడు బయటికి రావద్దు.

"ఎలాగూ ఆపరేషనే కదా, ఎల్లుండి మంచి ముహూర్తం ఉంది"

నెలలు నిండి, బిడ్డ బాగుండి, 39 వారాలు దాటాక పెట్టుకున్న ఆపరేషన్‌కు సమయం చూసుకోవడం వేరు. ప్రవాహం వెనక్కి తిరిగిన బిడ్డకు "ఎల్లుండి" అనే మాట లేదు. మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, వెచ్చటి పడక, ఊపిరి యంత్రం సిద్ధమైన నిమిషమే దానికి తగిన సమయం. 32 వారాల లోపు అయితే మెదడు రక్షణకు తల్లికి మెగ్నీషియం సల్ఫేట్ కూడా ఎక్కిస్తారు, దానికీ గంటలు కావాలి. ఆ గంటలన్నీ జాతకానికి ఇచ్చేస్తే వైద్యానికి మిగలవు. ఆసుపత్రి మీద ఒత్తిడి తెచ్చి సమయం మార్పించే బంధువులు తామేం అడుగుతున్నారో ఒక్కసారి ఆ తల్లి ముఖం చూసి అడగాలి.

"పాత ఫైలు మోసుకెళ్లడమెందుకు, పుట్టింటి దగ్గర మళ్లీ తీస్తారుగా"

మన ఇళ్లలో సీమంతమయ్యాక అమ్మాయి పుట్టింటికి వెళుతుంది. డాక్టరు మారతారు, స్కాన్ సెంటర్ మారుతుంది, ఫైలు మాత్రం అత్తగారింటి బీరువాలో ఉండిపోతుంది. కొత్త డాక్టరు చేతిలో ఒకే ఒక్క అంకె మిగులుతుంది. తొలి స్కాన్ లేకపోతే వారాల లెక్కే తేలదు. వారాలు రెండు అటూఇటూ అయితే మామూలు బిడ్డ చిన్నదిగా, చిన్న బిడ్డ మామూలుగా కనిపిస్తుంది. అంకె ఎటు జరుగుతోందో చెప్పడానికి పాత అంకె ఉండాలి.

కాబట్టి బట్టల సంచి కంటే ముందు ఫైలు సర్దండి. మొదటి కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇవి రాసి పెట్టండి: చివరి నెలసరి తేదీ, తొలి స్కాన్ చెప్పిన కాన్పు తేదీ, తల్లి బ్లడ్ గ్రూపు, ఇప్పటిదాకా చూసిన బీపీలు, వాడుతున్న మందులు. దాని కింద ప్రతి డాప్లర్ తేదీ, ఆ రోజుకు ఎన్ని వారాలు, బొడ్డుతాడు పీఐ (అడ్డంకిని చెప్పే అంకె) ఎంత, మెదడు ధమని పీఐ ఎంత, బిడ్డ అంచనా బరువు ఎంత. అన్నీ ఫోన్లో ఫోటో తీసి భర్తకూ అమ్మకూ పంపండి. రాత్రి రెండు గంటలకు కదలికలు తగ్గి బయల్దేరాల్సి వస్తే, డ్యూటీలో ఉన్న డాక్టరు మొదట అడిగేది ఆ కాగితమే.